బిల్డ్‌వరల్డ్ మూడుసార్లు పడిపోయింది, మూడుసార్లూ వేరే వేరే చోట

పాత_లాప్‌టాప్
ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ 13 వాడుతున్నాను. 14కి సోర్స్ నుంచే ఎక్కుదామని స్టేబుల్ బ్రాంచ్ దించుకుని, మేక్ -జె8 బిల్డ్‌వరల్డ్ (కెర్నల్ తప్ప సిస్టమ్ మొత్తాన్నీ సోర్స్ నుంచి కట్టే కమాండ్) కొట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఆగిపోయి ఉంది. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రీ అంతే. మూడుసార్లూ ఆగింది వేరే వేరే ఫైల్ దగ్గర. అందుకే కంపైలర్‌లోనే ఏదో బగ్ ఉందని నా అనుమానం.

మెషీన్ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 8 జీబీ ర్యామ్, 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా), ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్. లాప్‌టాప్ పాతది, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జర్ పీకితే ఆరిపోతుంది.

చివరి లైన్లు ఇవి:
*** ఎర్రర్ కోడ్ 1
మేక్: స్టాప్డ్ ఇన్ /యూఎస్‌ఆర్/ఎస్‌ఆర్‌సీ

సోర్స్ దించేటప్పుడు గిట్ కూడా సర్టిఫికేట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని పేచీ పెట్టింది. టైమ్ చేత్తో సరిచేస్తే దారికొచ్చింది. అది వేరే సంగతి. అసలు సమస్య బిల్డ్. ఎవరైనా చెప్పండి.

లాగ్_ఎక్కడ
ఆ రెండు లైన్లూ ప్రపంచంలో పడిపోయిన ప్రతి బిల్డ్ చివరా ఉంటాయి. పూర్తి లాగ్ పెట్టు.

పాత_లాప్‌టాప్
లాగ్ అంటే స్క్రీన్ మీద వచ్చిందే. పైకి స్క్రోల్ చేస్తే కొంత దూరం పోయి ఆగిపోతోంది.

లాగ్_ఎక్కడ
నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

మేక్‌ఫైల్_మామ
తమ్ముడూ, -జె8 అంటే ఎనిమిది పనులు ఒకేసారి నడుస్తున్నాయి. అందులో ఒకటి చచ్చిందనుకో, మిగతా ఏడూ వెంటనే ఆగవు. చేతిలో ఉన్న ఫైల్ పూర్తిచేసుకుని, వాటి వాటి సొద స్క్రీన్ మీద పోసి అప్పుడు ఆగుతాయి. ఈలోపు అసలు ఎర్రర్ రెండు మూడు వందల లైన్లు పైకి పోతుంది. ఆ తర్వాత లోపలి మేక్ బయటి మేక్‌కి చెప్తుంది, అది దానిపైవాడికి చెప్తుంది, ఒక్కొక్కరూ "ఎర్రర్ కోడ్ 1" అని ఒక లైన్ రాసి పోతారు. నువ్వు చూపించింది ఆఖరివాడి లైను.

స్క్రిప్ట్ కమాండ్ కింద బిల్డ్ నడుపు, అంతా ఫైల్‌లోకి పోతుంది. ఆగాక ఆ ఫైల్ తెరిచి కింద నుంచి కాదు, పై నుంచి వెతుకు. మూడు నక్షత్రాలూ, పక్కనే చదరపు బ్రాకెట్టూ మొదటిసారి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, దానికి పైన ఓ ముప్పై లైన్లు ఇక్కడ పెట్టు.

సిగ్నల్_పదకొండు
ఇంత కథ అక్కర్లేదు. ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతోందంటే ర్యామ్ పోయింది. కోడ్‌లో తప్పుంటే ప్రతిసారీ అదే చోట ఆగాలి కదా. నా పాత డెస్క్‌టాప్‌లో సరిగ్గా ఇలాగే అయ్యేది. బ్రౌజర్ బాగా నడిచేది, సినిమాలు నడిచేవి, కెర్నల్ కంపైల్ పెడితే ఇరవై నిమిషాల్లో సెగ్మెంటేషన్ ఫాల్ట్. ఒక ర్యామ్ కర్ర పీకేశాను, మళ్ళీ రాలేదు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టు.

చిన్న_పెంగ్విన్
ఇతనికి ఎవరు ఏ సమస్య చెప్పినా ర్యామే. మొన్న ప్రింటర్ పనిచేయలేదన్నవాడికీ ర్యామే చెప్పాడు.

సిగ్నల్_పదకొండు
ప్రింటర్‌కి కూడా ర్యామ్ ఉంటుంది.

మేక్‌ఫైల్_మామ
వేరే వేరే చోట ఆగితే హార్డ్‌వేరే అనుకోవడం సగం నిజం. మేక్‌ఫైల్‌లో ఒక డిపెండెన్సీ రాయడం మర్చిపోయినా ఇలాగే ఉంటుంది. హెడర్ ఫైల్ తయారుకాకముందే దాన్ని వాడే ఫైల్ కంపైల్‌కి వెళ్తుంది. ఒక రోజు ముందు ఇది గెలుస్తుంది, ఒక రోజు అది. -జె లేకుండా నడిపితే ఆ జబ్బు కనబడదు. మెషీన్‌లో తప్పా, రాతలో తప్పా అని తేల్చుకోవడానికి అందుకే ఒక్కసారి -జె1తో నడపమంటారు.

పాత_లాప్‌టాప్
-జె1 అంటే ఈ మెషీన్ మీద పండగ వచ్చి పోతుంది మామా. ముందు స్క్రిప్ట్ కింద మళ్ళీ -జె8తోనే పెడుతున్నాను. రేపు చెప్తా.

రాత్రి_బిల్డర్
లాగ్ మాటొచ్చింది కాబట్టి నా పరువు నేనే తీసుకుంటాను. స్క్రిప్ట్ కమాండ్ తెలియక, బిల్డ్‌ని టీ అనే కమాండ్‌కి (వచ్చింది స్క్రీన్ మీదా, ఫైల్‌లోనూ రాసేది) పైప్ చేసి, దాని వెనక రెండు యాంపర్‌సాండ్లు పెట్టి ఇన్‌స్టాల్ రాశాను. బిల్డ్ నెగ్గితేనే ఇన్‌స్టాల్ అవుతుందని ధీమా. నిజానికి షెల్ చూసేది పైప్‌లో చివరి కమాండ్ నెగ్గిందా లేదా అని. టీ ఎప్పుడూ నెగ్గుతుంది, దానిదేముంది, వచ్చింది రాసుకోవడమేగా. బిల్డ్ సగంలో చచ్చింది, ఇన్‌స్టాల్ మాత్రం హుషారుగా మొదలైంది. సగం కొత్త లైబ్రరీలు, సగం పాత ప్రోగ్రాములు. ఫైళ్ళ పేర్లు చూపించే ఎల్‌ఎస్ కూడా పనిచేయలేదు.

చిన్న_పెంగ్విన్
తర్వాత?

రాత్రి_బిల్డర్
తర్వాతేముంది, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి బ్యాకప్ ఎక్కించాను. పైప్‌లో ఏది పడినా పడినట్టే లెక్కేసే పైప్‌ఫెయిల్ అనే ఆప్షన్ ఒకటుందని ఆ రోజే తెలిసింది.

పాత_లాప్‌టాప్
నాలుగోసారీ పడింది. ఈసారి లాగ్ ఉంది. మామ చెప్పినట్టు పై నుంచి వెతికాను. మొదటి నక్షత్రాలకి పైన ఇది ఉంది:

సీ++: ఎర్రర్: అనేబుల్ టు ఎగ్జిక్యూట్ కమాండ్: కిల్డ్

ఫైల్ ఎల్‌ఎల్‌వీఎం (సీ, సీ++ కంపైలర్ క్లాంగ్‌కి పునాది) లోపలిది. గుర్తున్నంతవరకు మిగతా మూడుసార్లూ పేర్లు వేరైనా అవీ ఎల్‌ఎల్‌వీఎం ఫైళ్ళే.

లాగ్_ఎక్కడ
హమ్మయ్య. "కిల్డ్" అంది. "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అనలేదు. కంపైలర్ తనంతట తాను చావలేదు, ఎవరో చంపారు. డీమెసేజ్ కొట్టి కెర్నల్ ఏమందో చూడు.

పాత_లాప్‌టాప్
ఇలా ఉంది, ఐదారు లైన్లు:
పిడ్ 48211 (సీ++), జిడ్ 0, యూఐడీ 0, వాజ్ కిల్డ్: ఫెయిల్డ్ టు రీక్లెయిమ్ మెమరీ

లాగ్_ఎక్కడ
దొంగ దొరికాడు. మెమరీ చాలక కెర్నలే కంపైలర్‌ని చంపింది. అందుకే చోట్లు వేరుగా ఉన్నాయి, ఆ క్షణానికి ఎక్కువ మెమరీ పట్టుకున్నవాడు బలి. చోటు వేరైనా వీధి ఒకటే, ఎల్‌ఎల్‌వీఎం వీధి.

గుర్తుపెట్టుకోవడం తేలిక: సిగ్నల్ 11 (సెగ్మెంటేషన్ ఫాల్ట్) వస్తే ర్యామ్ కర్ర మీద అనుమానం, సిగ్నల్ 9 (కిల్డ్) వస్తే ర్యామ్ సైజు మీద అనుమానం.

సిగ్నల్_పదకొండు
ఏదైనా ర్యామే అని నేను మొదటే చెప్పాను.

చిన్న_పెంగ్విన్
😂 ఒప్పుకున్నాం.

జెంటూ_గోవిందు
జెంటూ లినక్స్‌లో అన్నీ సోర్స్ నుంచే కడతాం కాబట్టి మాకు ఒక లెక్క ఉంది. ఒక్కో జాబ్‌కి 2 జీబీ. 8 జీబీ ఉంటే -జె4, అదీ పక్కన బ్రౌజర్ తెరవకుండా ఉంటే. థ్రెడ్లు ఎన్నుంటే అన్ని జాబ్‌లు అనే సూత్రం సీ కోడ్ రోజులది. సీ++ టెంప్లేట్ల ముందు అది చెల్లదు.

ఇంకోటి. 13 నుంచి 14కి వెళ్తున్నావు కాబట్టి నీ కంపైలర్ వెర్షన్ సోర్స్‌లో ఉన్నదానికంటే పాతది. అప్పుడు బిల్డ్ ముందు క్రాస్ టూల్స్ దశలో కొత్త క్లాంగ్‌ని కట్టుకుంటుంది, ఆ క్లాంగ్‌తో మళ్ళీ క్లాంగ్‌ని కట్టుకుంటుంది. అంటే ఆ కొండని నువ్వు రెండుసార్లు ఎక్కాలి.

బీఎస్‌డీ_బుల్లోడు
బిల్డ్ సెట్టింగ్‌లుండే ఎస్‌ఆర్‌సీ డాట్ కాన్ఫ్ ఫైల్‌లో వితౌట్_ఎల్‌ఎల్‌వీఎం_టార్గెట్_ఆల్ అని పెట్టు. మామూలుగా క్లాంగ్‌ని ఆర్మ్, పవర్‌పీసీ, రిస్క్-వీ లాంటి వేరే ప్రాసెసర్లకీ కోడ్ రాసేలా కడతారు. నీ లాప్‌టాప్‌కి అవన్నీ ఎందుకు? నీ ప్రాసెసర్ ఒక్కటీ చాలంటే పని బాగా తగ్గుతుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్ ర్యామ్‌లో పెట్టుకునే క్యాష్ ఆర్క్‌కి కూడా కళ్ళెం వెయ్యి. 8 జీబీ మెషీన్‌లో అది సగానికి పైగా మింగి కూర్చుంటుంది.

జెంటూ_గోవిందు
ఆర్క్ క్యాష్ మాత్రమే. ఎవరైనా అడిగితే వదిలేస్తుంది. దాన్ని తిట్టడం అన్యాయం.

బీఎస్‌డీ_బుల్లోడు
వదిలేస్తుంది, కాదనను. ఎంత త్వరగా వదులుతుందన్నదే గొడవ. నాలుగు లింకర్లు ఒకేసారి మీద పడి అడిగితే అది తాపీగా లేచి పక్కకి జరిగేలోపు ఒకడు బలైపోతాడు. నా 4 జీబీ మెషీన్‌లో ఆర్క్ గరిష్ఠం 1 జీబీకి కట్టాకే బిల్డ్ నెగ్గింది. సిద్ధాంతం నీ దగ్గరే ఉంచుకో.

జెంటూ_గోవిందు
అదే సమయంలో జాబ్‌లు కూడా తగ్గించి ఉంటావు. అప్పుడు నెగ్గింది ఆర్క్ వల్లో, జాబ్‌ల వల్లో నీకెలా తెలుసు?

బీఎస్‌డీ_బుల్లోడు
...

బీఎస్‌డీ_బుల్లోడు
సరే, రెండూ ఒకేసారి మార్చాను.

మేక్‌ఫైల్_మామ
ఇలా రెండు మందులు ఒకేసారి మింగి, ఏది పనిచేసిందో తెలియక జీవితాంతం రెండూ వాడేవాళ్ళు ఇక్కడ చాలామంది. నా మేక్ డాట్ కాన్ఫ్‌లో కూడా ఎందుకు పెట్టానో గుర్తులేని లైన్లు మూడున్నాయి. తియ్యాలంటే భయం.

పాత_లాప్‌టాప్
సరే, ఈ రాత్రి ఒక్కటే మారుస్తాను. -జె2. మిగతావి ముట్టుకోను.

గంటకో_ఎర్రర్
నాది లినక్స్ కెర్నల్, కానీ ఇక్కడే అడిగేస్తున్నా. డిస్ట్రోతో వచ్చిన కాన్ఫిగ్ ఫైల్‌నే కాపీ చేసుకుని మేక్ కొడితే "నో రూల్ టు మేక్ టార్గెట్" అని, డెబియన్ ఫోల్డర్‌లో కెనానికల్ సర్టిఫికేట్ల ఫైల్ ఏదో కావాలంటోంది. నా దగ్గర ఆ ఫోల్డరే లేదు.

లాగ్_ఎక్కడ
ఆ కాన్ఫిగ్ డిస్ట్రోవాళ్ళ ఇంటిది. వాళ్ళ సంతకాల ఫైల్ వాళ్ళ సోర్స్‌లోనే ఉంటుంది, నువ్వు దించిన అసలు కెర్నల్‌లో ఉండదు. కాన్ఫిగ్‌లో సిస్టమ్_ట్రస్టెడ్_కీస్, సిస్టమ్_రివొకేషన్_కీస్ అనే రెండు లైన్లలో కోట్‌ల మధ్య ఉన్నది తుడిచేయ్. ఒకటి తుడిచి రెండోది మర్చిపోతే పది నిమిషాల తర్వాత మళ్ళీ ఇక్కడికే వస్తావు.

గంటకో_ఎర్రర్
పది నిమిషాలు కాదు, నాలుగు నిమిషాలకే వచ్చాను. రెండోది కూడా తుడిచాను. ఇప్పుడు పాహోల్ అనే ప్రోగ్రాం లేదంటోంది.

లాగ్_ఎక్కడ
డ్వార్వ్స్ అనే ప్యాకేజీలో ఉంటుంది, పెట్టుకో. లేదా కాన్ఫిగ్‌లో బీటీఎఫ్ డీబగ్ సమాచారం ఆపేయ్. నీ పేరు కూడా ఊరికే పెట్టుకోలేదని తెలుస్తోంది.

పాత_కెర్నల్_ప్రేమి
కెర్నల్ మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. కంపైలర్ మరీ కొత్తదైనా చిక్కే. పాత బోర్డ్ కోసం ఏళ్ళనాటి కెర్నల్ కట్టాల్సి వచ్చింది. నిన్నటిదాకా బాగానే కంపైలయ్యేది. డిస్ట్రో అప్‌డేట్ చేశాక "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ వైవైఎల్‌లాక్" అని లింకర్ ఏడుపు. సోర్స్‌లో ఒక్క అక్షరం మారలేదు. విషయం ఏంటంటే, ఒకే గ్లోబల్ వేరియబుల్‌ని రెండు ఫైళ్ళలో రాసినా జీసీసీ ఇదివరకు చూసీచూడనట్టు కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి డీఫాల్ట్‌గా కలపడం మానేసింది. ఆ వేరియబుల్ ముందు ఎక్స్‌టర్న్ అని ఒక్క మాట చేర్చితే పోయింది. ఆ ఒక్క మాట కోసం నాకు ఒకటిన్నర రోజు.

ఎల్‌ఎఫ్‌ఎస్_ఏకలవ్యుడు
లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకం చూసి సిస్టమ్ మొత్తం చేత్తో కట్టుకునేవాళ్ళకి చెప్పుకోదగ్గ తప్పు ఒకటుంది. ప్యాకేజీ విప్పి, కట్టి, ఆ ఫోల్డర్ తుడిచేసి, మళ్ళీ కొత్తగా విప్పాలని పుస్తకం పదే పదే చెప్తుంది. లింకర్, అసెంబ్లర్ ఉండే బైన్‌యుటిల్స్ రెండోసారి కట్టేటప్పుడు టైమ్ కలిసొస్తుందని పాత ఫోల్డర్‌లోనే మొదలుపెట్టాను. మొదటి విడత కాన్ఫిగర్ ఆనవాళ్ళు లోపలే ఉండిపోయాయి. అది అక్కడ పడలేదు, అదే బాధ. ఎన్నో ప్యాకేజీల తర్వాత, సంబంధమే లేని చోట పడింది. మూడు రోజులు అక్కడ తవ్వాను.

చిన్న_పెంగ్విన్
ఆ పుస్తకంలో టైమ్‌ని నిమిషాల్లో చెప్పరు, ఎస్‌బీయూల్లో చెప్తారు. నీ మెషీన్‌లో మొదటి బైన్‌యుటిల్స్‌కి ఎంత పడితే అది ఒక యూనిట్. మన ఓపికకి కొలమానం పెట్టినట్టుంటుంది.

పాత_లాప్‌టాప్
వార్త: నెగ్గింది!!! -జె2, ఇంకేం మార్చలేదు. రాత్రంతా, తెల్లారాక కూడా నడిచింది. వైఫై, డెస్క్‌టాప్ అన్నీ ఆపేసి, బూట్ అవ్వగానే నేరుగా కన్సోల్‌లోనే పెట్టాను, మెమరీ మిగులుతుందని. బిల్డ్‌కెర్నల్ కూడా అయిపోయింది. ఇన్‌స్టాల్‌కెర్నల్ అయిపోయింది. రీబూట్ చేస్తున్నా. అందరికీ థ్యాంక్స్.

సిగ్నల్_పదకొండు
మెమ్‌టెస్ట్ అయినా ఒకసారి...

చిన్న_పెంగ్విన్
వదిలెయ్ అన్నా.

పాత_లాప్‌టాప్
థ్యాంక్స్ వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త కెర్నల్ బూట్ అయింది. సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్ళి, కట్టిన మిగతా సిస్టమ్‌ని ఎక్కించే ఇన్‌స్టాల్‌వరల్డ్ కొట్టాను. నిమిషంలో ఆగింది:

సీసీ: నాట్ ఫౌండ్
*** ఎర్రర్ కోడ్ 127

రాత్రంతా మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌ని కంపైల్ చేసిన కంపైలర్ ఇప్పుడు లేదంటోంది. విచ్ సీసీ కొడితే బాగానే చూపిస్తోంది. పిచ్చెక్కుతోంది.

రాత్రి_బిల్డర్
ప్రోగ్రాములని ఏ డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్ చూడు. సింగిల్ యూజర్‌లో తక్కువ డైరెక్టరీలే ఉంటాయి.

పాత_లాప్‌టాప్
చూశాను, చేత్తో కూడా పెట్టాను. అదే ఎర్రర్.

మేక్‌ఫైల్_మామ
నీ పాత్ దానికి అక్కర్లేదు. ఇన్‌స్టాల్‌వరల్డ్ తనకి కావాల్సిన కొన్ని ప్రోగ్రాములని ముందే ఒక తాత్కాలిక డైరెక్టరీలోకి కాపీ చేసుకుని, పాత్‌ని అక్కడికే కట్టేసుకుంటుంది. సిస్టమ్‌లోని ఫైళ్ళని మార్చే పని కాబట్టి, మధ్యలో కాళ్ళ కింద నేల కదలకూడదని. అందులో కంపైలర్ ఉండదు. ఉండక్కర్లేదు కూడా, ఎందుకంటే ఇన్‌స్టాల్‌లో కంపైల్ చేసే పనే ఉండకూడదు.

కాబట్టి సీసీ ఎందుకు లేదన్నది వదిలెయ్. ఇన్‌స్టాల్ చేస్తూ అది సీసీని ఎందుకు పిలిచింది? ఏదో ఫైల్ పాతబడిందని, మళ్ళీ కట్టాలని మేక్ అనుకుంది. బిల్డ్ తర్వాత గిట్ పుల్ ఏమైనా చేశావా?

పాత_లాప్‌టాప్
లేదు. సోర్స్ ముట్టుకోలేదు.

బీఎస్‌డీ_బుల్లోడు
ఎస్‌ఆర్‌సీ డాట్ కాన్ఫ్ మార్చావా? నేను చెప్పిన లైన్ బిల్డ్ అయ్యాక చేర్చితే అదో గొడవ.

పాత_లాప్‌టాప్
లేదన్నా. అసలా ఫైలే లేదు నా దగ్గర.

లాగ్_ఎక్కడ
డేట్ కమాండ్ కొట్టి ఏం వచ్చిందో పెట్టు.

పాత_లాప్‌టాప్
2015 జనవరి 2.

ఓహో.

లాగ్_ఎక్కడ
ఇప్పుడు, ఎర్రర్ వచ్చిన డైరెక్టరీలో ఒక సోర్స్ ఫైల్‌ది, దాని ఆబ్జెక్ట్ ఫైల్‌ది తేదీలు చూడు.

పాత_లాప్‌టాప్
సీ ఫైల్: 2024 మార్చి 9
డాట్ ఓ ఫైల్: 2015 జనవరి 1

సోర్స్ పుట్టకముందు తొమ్మిదేళ్ళ క్రితమే ఆబ్జెక్ట్ పుట్టింది.

చిన్న_పెంగ్విన్
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మేక్‌ఫైల్_మామ
😀 అదే. మేక్‌కి తెలివితేటలేం లేవు, రెండు ఫైళ్ళ తేదీలు పోల్చుతుంది. సోర్స్ కొత్తది, ఆబ్జెక్ట్ పాతది అయితే మళ్ళీ కట్టాలి, అంతే దాని చదువు. బిల్డ్ జరిగేటప్పుడు ఇది బయటపడదు, ఎలాగూ అన్నీ కడుతోంది కదా. ఇన్‌స్టాల్‌కి వచ్చాక అన్నీ పాతబడినట్టే కనబడ్డాయి, కట్టబోయింది, అక్కడ సీసీ లేదు.

లాప్‌టాప్ లోపల గడియారానికి చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అది చచ్చింది. పెద్ద బ్యాటరీ కూడా లేదు కాబట్టి ఛార్జర్ పీకినప్పుడల్లా నీ మెషీన్ 2015కి పోతోంది.

లాగ్_ఎక్కడ
మొదటి పోస్ట్ మళ్ళీ చదవండి అందరూ. సర్టిఫికేట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని గిట్ చెప్పిందట, టైమ్ చేత్తో సరిచేశాడట, "అది వేరే సంగతి" అట. బ్యాటరీ చచ్చిందనీ అదే పోస్ట్‌లో ఉంది. 2015లో కూర్చుని 2024 సర్టిఫికేట్ చూస్తే చెల్లుబాటులోకి రాలేదనే అంటుంది. నేను లాగ్ లాగ్ అని అరుస్తూ అది చదవలేదు.

సిగ్నల్_పదకొండు
నేనూ చదవలేదు. ర్యామ్ 8 జీబీ అన్నచోటే ఆగిపోయాను.

పాత_లాప్‌టాప్
కానీ నెట్ నుంచి టైమ్ సరిచేసే ఎన్‌టీపీడీ ఆన్‌లోనే ఉంది. అది సరిచేయాలి కదా?

జెంటూ_గోవిందు
రెండు కారణాలు. ఒకటి, ఆ రాత్రి వైఫై ఆపానన్నావు. రెండు, వైఫై ఉన్నా తేడా 1000 సెకన్లు దాటితే ఎన్‌టీపీడీ ఏదో తేడాగా ఉందని చెప్పి తనే ఆగిపోతుంది. మొదలైనప్పుడు ఒక్కసారి ఎంత తేడా ఉన్నా దిద్దమని విడిగా చెప్పాలి. ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఎన్‌టీపీడీ_సింక్_ఆన్_స్టార్ట్ ఎస్ అని పెట్టు.

రాత్రి_బిల్డర్
రాత్రంతా నడిపింది పారేయడం ఎందుకు? తేదీ సరిచేసి, కట్టిన ఫైళ్ళుండే ఓబీజే డైరెక్టరీలో అన్నిటికీ ఒకేసారి టచ్ (ఫైల్ తేదీని ఇప్పటికి మార్చే కమాండ్) కొట్టేయ్. అన్నీ సోర్స్ కంటే కొత్తవైపోతాయి. మేక్ నోరు మూసుకుని ఇన్‌స్టాల్ చేస్తుంది.

మేక్‌ఫైల్_మామ
పనిచేయొచ్చు. కానీ నిజంగానే పాతబడిన ఫైల్ ఒకటి ఉంటే దాన్ని కూడా కొత్తదని అబద్ధం చెప్పినట్టే. అతను నాలుగుసార్లు పడిపోయిన బిల్డ్ మీద ఐదోది కట్టాడు, లోపల ఏ సగం ముక్క ఉందో ఎవరు చూశారు? ఎల్‌ఎస్ కూడా పనిచేయని రోజు చూసినవాడివి నువ్వే ఈ సలహా ఇవ్వడం బాగుంది.

రాత్రి_బిల్డర్
దెబ్బ తిన్నవాడికే షార్ట్‌కట్‌లు తెలుస్తాయి మామా.

జెంటూ_గోవిందు
నేనైతే టచ్ కొట్టి చూసేవాణ్ణి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది కదా, ముందు బూట్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి ఒక కాపీ) ఒకటి తీసుకుంటే తేడా వచ్చినా వెనక్కి పోవచ్చు.

పాత_లాప్‌టాప్
మీ ఇద్దరి మాటా సగం సగం వింటాను. బూట్ ఎన్విరాన్‌మెంట్ తీసుకున్నాను. ఓబీజే మొత్తం తుడిచేశాను. తేదీ పెట్టాను, రెండుసార్లు చూసుకున్నాను. -జె2తో మళ్ళీ మొదలు. ఛార్జర్ దగ్గరికి ఎవరూ రాకుండా కాగితం అంటించాను.

గంటకో_ఎర్రర్
నాది ఇప్పుడు "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటోంది, డీఎఫ్ చూస్తే 11 జీబీ ఖాళీ ఉంది.

లాగ్_ఎక్కడ
డీఎఫ్ -ఐ కొట్టు. జాగా ఉన్నా ఐనోడ్‌లు (ఫైల్‌కొకటి కావాలి) అయిపోతే అదే మాట అంటుంది. అవీ ఉంటే టెంప్ డైరెక్టరీ విడిగా, ర్యామ్‌లో ఉండే చిన్న టీఎంపీఎఫ్‌ఎస్ మీద ఉందేమో చూడు.

గంటకో_ఎర్రర్
టీఎంపీఎఫ్‌ఎస్సే. 512 ఎంబీ. ఎప్పుడు పెట్టానో గుర్తులేదు.

బీఎస్‌డీ_బుల్లోడు
ఆండ్రాయిడ్ కట్టే పని ఒకసారి మీదేసుకున్నాను, జాగా అంటే గుర్తొచ్చింది. దాని పేజీలోనే రాసి ఉంటుంది, 400 జీబీ డిస్క్, 64 జీబీ ర్యామ్ కావాలని. 16 జీబీతో నెట్టుకొద్దామని స్వాప్ పెంచుకుంటూ పోయాను. నెగ్గలేదు, పడలేదు కూడా. అలా మూలుగుతూ ఉండిపోయింది. రెండో రోజు జాలేసి నేనే ఆపేశాను.

పాత_లాప్‌టాప్
ఇన్‌స్టాల్‌వరల్డ్ అయిపోయింది. ఒక్క ఎర్రర్ లేదు. ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్ -యూ కొడితే 14 చూపిస్తోంది. కెర్నలూ 14, పైదీ 14.

బిళ్ళ బ్యాటరీ కూడా మార్చాను, సీఆర్2032. దానికోసం కీబోర్డ్ మొత్తం ఊడదీయాల్సి వచ్చింది, ఒక స్క్రూ మిగిలిపోయింది. ఛార్జర్ పీకి పెట్టి చూశాను, తేదీ నిలబడింది.

చిన్న_పెంగ్విన్
మిగిలిన స్క్రూ అదనపు స్వాప్ అనుకో.

సిగ్నల్_పదకొండు
కీబోర్డ్ ఊడదీసినప్పుడు ర్యామ్ కర్ర కూడా ఒకసారి పీకి గట్టిగా గుచ్చాల్సింది.

పాత_లాప్‌టాప్
గుచ్చాను అన్నా. నీ కోసమే.

ఒక్క చిన్న డౌట్ మిగిలింది. సెట్టింగ్ ఫైళ్ళని కొత్త వెర్షన్‌తో కలిపే ఈటీసీఅప్‌డేట్ నడిపితే ఒక ఫైల్‌లో కాన్‌ఫ్లిక్ట్ అంటోంది. నాదే ఉంచాలా, కొత్తది తీసుకోవాలా అని అడుగుతోంది. కొత్త సిస్టమ్ కదా, కొత్తదే తీసుకోనా?

మేక్‌ఫైల్_మామ
ఏ ఫైల్?

పాత_లాప్‌టాప్
మాస్టర్ డాట్ పాస్‌వర్డ్

మేక్‌ఫైల్_మామ
ఆగు.

లాగ్_ఎక్కడ
ఏమీ నొక్కకు. అందులో నీ యూజర్, రూట్ పాస్‌వర్డ్ ఉన్నాయి, కొత్తదానిలో ఆ రెండూ ఉండవు. ముందు తేడా చూపించమను.

పాత_లాప్‌టాప్
నొక్కలేదు. చెయ్యి కీబోర్డ్ మీద నుంచి తీసేశాను.